ఏ బ్యాటరీ గురించి చెప్పిన మాట అది?

పోయిన వేసవిలో ఊరెళ్లినప్పుడు మా అమ్మ ఫోన్లో చార్జింగ్ 4 శాతం ఉంది. చార్జర్ పక్కనే ఉంది, కరెంటూ ఉంది. అయినా పెట్టడం లేదు.

"పూర్తిగా దిగిపోనీ నాన్నా, అప్పుడు పెడతా. మధ్యమధ్యలో పెడితే బ్యాటరీ పాడైపోద్ది" అంది.

ఎవరు చెప్పారని అడిగాను. మా మావయ్య మొట్టమొదటి సెల్‌ఫోన్ కొన్నప్పుడు షాపతను చెప్పాడట. అప్పటి నుంచి ఆ మాట ఇంట్లో నిలిచిపోయింది. మావయ్య ఆ ఫోన్ పారేసి ఎన్నో ఏళ్లయింది.

అదే ఇంట్లో హాలు మూలన ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది. దాని విషయంలో అమ్మ నియమం దీనికి పూర్తిగా ఎదురు. దాన్ని ఎప్పుడూ దిగిపోనివ్వకూడదు. కరెంటు పోయి నాలుగు గంటలు దాటితే ఒక ఫ్యాను కట్టేస్తుంది. ఇక వరండాలో మా తమ్ముడి ఎలక్ట్రిక్ స్కూటర్. వాడిది మూడో నియమం. 80 శాతం రాగానే, ఎంత పనిలో ఉన్నా లేచి వెళ్లి ప్లగ్ పీకేస్తాడు.

ఒకే ఇల్లు, మూడు బ్యాటరీలు, మూడు నియమాలు. ఒకదాన్ని సున్నాకు దించాలంటారు, ఒకదాన్ని దించకూడదంటారు, ఇంకొకదాన్ని నింపకూడదంటారు. ఇలాంటి మాటలు వినగానే చదువుకున్నవాళ్లం అనుకునేవాళ్లం "అన్నీ అపోహలు" అని కొట్టిపారేస్తాం. నేనూ అలా చేసినవాణ్నే. కానీ ఒక్కో మాటనూ పట్టుకుని అది ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ వెళితే, ప్రతిదాని వెనకా ఒక నిజమైన బ్యాటరీ కనిపించింది. ఆ మాటలు అబద్ధాలుగా పుట్టలేదు, నిజాలుగానే పుట్టాయి. బ్యాటరీ మారిపోయింది, మాట మారలేదు. ఈ అధ్యాయమంతా ఆ సంగతే.

సీసం చెప్పిన మాట

ముందు ఇన్వర్టర్ దగ్గరికి వెళదాం. మన ఇళ్లలోని ఇన్వర్టర్లలో ఇప్పటికీ ఎక్కువగా ఉండేది లెడ్-యాసిడ్ బ్యాటరీ. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని తయారుచేశాడు. తిరిగి చార్జ్ చేయగలిగిన బ్యాటరీల్లో ఇదే మొదటిది. సీసపు పలకలు, పలుచన చేసిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. నూట అరవై ఏళ్లు దాటినా ప్రాథమికంగా ఆ పద్ధతి మారలేదు. తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యే కారు బ్యాటరీలూ ఈ కోవలోవే.

ఈ బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడు రెండు పలకల మీదా లెడ్ సల్ఫేట్ అనే తెల్లటి పదార్థం పేరుకుంటుంది. వెంటనే చార్జింగ్ పెడితే అది కరిగి, మళ్లీ సీసంగా, ఆమ్లంగా మారిపోతుంది. పెట్టకుండా రోజుల తరబడి వదిలేస్తే ఆ మెత్తటి పొర పెద్ద పెద్ద స్ఫటికాలుగా గట్టిపడుతుంది. గచ్చు మీద పడిన సిమెంటును పచ్చిగా ఉన్నప్పుడు చెంబెడు నీళ్లతో కడిగేయవచ్చు. ఆరిపోయాక ఉలి పట్టుకోవాలి. ఇదీ అంతే. గట్టిపడిన సల్ఫేట్ ఇక కరెంటుకు లొంగదు, పలక ఆ మేరకు పనికిరాకుండా పోతుంది.

కాబట్టి ఇన్వర్టర్ దిగిపోనివ్వకూడదన్న అమ్మ మాట నూటికి నూరుపాళ్లు నిజం. నెలలు గడిచేకొద్దీ డిస్టిల్డ్ వాటర్ పోయాలన్న మాటా నిజమే. చార్జింగ్ చివరి దశలో లోపలి నీరు కొంత హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోయి బయటికి పోతుంది. ఆ లోటు తీర్చాలి. కుళాయి నీళ్లు పోస్తే అందులోని లవణాలు పలకల్ని పాడుచేస్తాయి. ఆ హైడ్రోజన్ మండే వాయువు గనక గాలి ఆడే చోట పెట్టాలన్నది కూడా సరైన మాటే.

నికెల్ చెప్పిన మాట

ఇప్పుడు మావయ్య ఫోన్. భారతదేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. అటువైపు కేంద్ర మంత్రి సుఖ్‌రామ్, ఇటువైపు ముఖ్యమంత్రి జ్యోతిబసు. ఆ తొలి కాలపు ఫోన్లలో చాలావాటికి నికెల్ బ్యాటరీలు ఉండేవి. మొదట నికెల్-కాడ్మియం, తరవాత నికెల్-మెటల్ హైడ్రైడ్. నికెల్-కాడ్మియం 1899లో స్వీడన్ దేశస్థుడు వాల్డెమార్ యుంగ్‌నర్ కనిపెట్టినది. కార్డ్‌లెస్ ఫోన్లలో, రీచార్జబుల్ టార్చిలైట్లలో అదే ఉండేది.

దానికో చిత్రమైన గుణం ఉంది. సగమో పావో వాడి మళ్లీ నింపడం అదే పనిగా చేస్తూ పోతే, బ్యాటరీ ఆ అలవాటుకే కట్టుబడిపోతుంది. మిగతా భాగంలో చార్జింగ్ ఉన్నా, అక్కడికి వచ్చేసరికి వోల్టేజి జారిపోయి పరికరం ఆగిపోతుంది. దీనికి మెమరీ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. ప్రతి చుట్టులోనూ నీడలోకి వెళ్లినప్పుడు అంతే మేరకు ఖాళీ కావడం, ఎండలోకి రాగానే మళ్లీ నిండడం. కాడ్మియం పలకలో స్ఫటికాలు పెరిగిపోవడం దీనికి ఒక కారణం. అప్పుడప్పుడు పూర్తిగా దించి ఎక్కిస్తే ఆ స్ఫటికాలు చెదిరి బ్యాటరీ కోలుకునేది.

కొత్త ఫోన్‌ను మొదటిసారి ఎనిమిది గంటలో, రాత్రంతానో చార్జింగ్ పెట్టమనేవాళ్లు గుర్తుందా? అదీ నికెల్ మాటే. నికెల్ బ్యాటరీ పెట్టెలో ఉండగానే తనంతట తానే దిగిపోతూ ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి దుకాణానికి చేరేసరికి దాదాపు ఖాళీ. ఆ రోజుల్లో చార్జింగూ నిదానమే. అందుకే అన్ని గంటలు.

అంటే ఆ షాపతను మావయ్యకు తప్పు చెప్పలేదు. తన చేతిలో ఉన్న వస్తువు గురించి తెలిసినంతలో నిజాయితీగా చెప్పాడు. కొన్నేళ్లు తిరిగేసరికి దుకాణంలో వస్తువు మారింది. 2003లో వచ్చిన నోకియా 1100 ఊరూరా, చేనుచేనునా కనిపించే నాటికే అందులో ఉన్నది లిథియం-అయాన్ బ్యాటరీ. దానికి ఆ మెమరీ జబ్బు లేదు. కానీ దాన్ని కొన్న మనిషికి సలహా ఇచ్చింది పాత ఫోన్ వాడిన మనిషి.

లిథియం ఎలా పనిచేస్తుంది

లిథియం బ్యాటరీ కథ పెట్రోలు కరవుతో మొదలైంది. 1970ల్లో చమురు ధరలు మండిపోతున్నప్పుడు ఎక్సాన్ సంస్థలో స్టాన్లీ విటింగ్‌హామ్, టైటానియం డైసల్ఫైడ్ పొరల మధ్యకు లిథియం దూరి మళ్లీ బయటికి రాగలదని చూపించాడు. అవతలివైపు శుద్ధమైన లిథియం లోహం ఉండేది. అది మంటలు రేపే రకం. ప్రయోగశాలకు ఫైరింజన్ పదేపదే రావాల్సి వచ్చింది. ఆ మంటలు ఆర్పే ప్రత్యేక రసాయనాల ఖర్చు మీరే కట్టుకోవాలని చివరికి ఫైర్ సిబ్బంది గట్టిగా చెప్పారట. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ బృందం కోబాల్ట్ ఆక్సైడ్‌తో 4 వోల్టుల దాకా సాధించింది. 1985లో జపాన్‌లో అకీరా యోషినో లిథియం లోహాన్ని తీసేసి ఆ స్థానంలో కార్బన్ పదార్థం పెట్టాడు. ఇనుప దిమ్మెను ఆ బ్యాటరీ మీద పడేసి చూశాడు. అది పేలలేదు. లిథియం లోహం ఉన్న బ్యాటరీ మీద పడేస్తే పేలిపోయింది. 1991లో సోనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడెనఫ్‌కు 97 ఏళ్లు. స్టాక్‌హోంలో ఆయన తరఫున నోబెల్ ఉపన్యాసం చదివింది తమిళనాడులో పుట్టిన శాస్త్రవేత్త ఆరుముగం మంతిరామ్.

మీ ఫోన్ బ్యాటరీ లోపల రెండు గాదెలు ఉన్నాయనుకోండి. ఒకటి కోబాల్ట్ వంటి లోహపు ఆక్సైడ్‌ది, ఇంకొకటి గ్రాఫైట్‌ది. పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైటే. అది దొంతరగా పేర్చిన పేకముక్కల్లా పొరలు పొరలుగా ఉంటుంది. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు మొదటి గాదె నుంచి బయలుదేరి, మధ్యలోని ద్రవం గుండా ఈది వచ్చి గ్రాఫైట్ పొరల మధ్య సర్దుకుంటాయి. నిండుగా ఉన్నప్పుడు ఆరు కార్బన్ పరమాణువులకు ఒక లిథియం. మీరు ఫోన్ వాడుతున్నప్పుడు అవే తిరిగి వెనక్కి వెళతాయి. అయాన్లు లోపలి దారిన, ఎలక్ట్రాన్లు బయటి తీగ దారిన. ఆ తీగలో పోయే ఎలక్ట్రాన్లే తెరను వెలిగిస్తాయి. రెండు గాదెలూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో వెంట్రుక కన్నా పలచటి ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది.

మొట్టమొదటి చార్జింగ్‌లో గ్రాఫైట్ మీద ఒక సన్నటి పొర కడుతుంది, వేడి పాల మీద మీగడ కట్టినట్టు. అది కట్టకపోతే బ్యాటరీ బతకదు. ద్రవానికీ గ్రాఫైట్‌కూ మధ్య అదే కాపలా. కానీ ఆ మీగడ ఏళ్లు గడిచేకొద్దీ మందమవుతూ పోతుంది. మందమైనప్పుడల్లా కొంత లిథియాన్ని తనలో కలిపేసుకుంటుంది. అలా చిక్కుకున్న లిథియం మళ్లీ చార్జింగ్‌కు రాదు. ఫోన్ పాతబడితే పొద్దున నింపిన చార్జింగ్ మధ్యాహ్నానికే దిగిపోవడానికి పెద్ద కారణం ఇదే.

నిండుదనం, ఖాళీతనం, ఎండ

లిథియం బ్యాటరీకి ఇష్టంలేనివి మూడు. మరీ నిండడం, మరీ ఖాళీ కావడం, వేడి.

నిండు అంటే సెల్ వోల్టేజి 4.2 వోల్టుల దగ్గరికి లేదా ఆపైకి చేరడం. అక్కడ గ్రాఫైట్ గాదె కిక్కిరిసిపోయి ఉంటుంది. అవతలి గాదె తనలోని లిథియంలో దాదాపు సగాన్ని వదులుకుని వడలిపోయి ఉంటుంది. ఇంకా లాగితే దాని కట్టడమే కూలిపోతుంది. అందుకే అక్కడ ఆపేస్తారు. ఆ స్థితిలో గంటల తరబడి ఉంచితే లోపలి ద్రవం చెడిపోయే వేగం పెరుగుతుంది. ఇక బాగా ఖాళీ అయితే, ఫోన్‌లోని చిప్ ముందే ఆపేస్తుంది గనక ఒకరోజు సున్నాకు వచ్చినంత మాత్రాన ఏమీ కాదు. కానీ రోజూ అడుగంటేదాకా దించి ఎక్కించే బ్యాటరీ, సగంసగం వాడే బ్యాటరీ కన్నా తొందరగా అరిగిపోతుంది. అమ్మ మేలు చేస్తున్నాననుకుని చేస్తున్న పని సరిగ్గా ఇదే.

వేడి వీటన్నిటికీ తోడవుతుంది. వాడకుండా ఏడాదిపాటు పక్కన పెట్టిన లిథియం బ్యాటరీల గురించి ఇంజినీర్లు తరచూ చూపే ఒక పట్టిక ఉంది. 40 శాతం చార్జింగ్‌తో 25 డిగ్రీల దగ్గర ఉంచితే సామర్థ్యంలో సుమారు 96 శాతం మిగులుతుంది. నిండు చార్జింగ్‌తో 40 డిగ్రీల దగ్గర ఉంచితే సుమారు 65 శాతమే. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల ఎండకు అద్దాలు మూసిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన ఫోన్ సంగతి దీన్నిబట్టి ఊహించుకోండి. చలువ కోసం ఫ్రిజ్‌లో పెట్టమనే మాట మాత్రం వద్దు. బయటికి తీయగానే తేమ పడుతుంది. సున్నా డిగ్రీల కంటే కింద చార్జింగ్ పెడితే లిథియం గ్రాఫైట్ పొరల్లోకి దూరలేక పైనే లోహంగా పేరుకుంటుంది.

మరి రాత్రంతా చార్జింగ్ పెట్టి పడుకోవచ్చా? బ్యాటరీ పొంగిపొర్లుతుందన్న భయం అక్కర్లేదు. నిండగానే చిప్ కరెంటు ఆపేస్తుంది. బియ్యం డబ్బా నింపేటప్పుడు మొదట దోసిళ్లతో పోస్తాం, చివర్లో తట్టి తట్టి కొంచెం కొంచెంగా సర్దుతాం. చార్జర్ కూడా మొదట గబగబా ఎక్కించి, చివరి భాగంలో కరెంటు తగ్గించుకుంటూ వస్తుంది. ఆ చివరి 20 శాతం అంతసేపు పట్టడం అందుకే. రాత్రి చార్జింగ్‌లో జరిగే నష్టం ఒకటే, తెల్లవార్లూ నిండు స్థితిలో ఉండిపోవడం. ఇప్పటి ఫోన్లలో 80 శాతం దగ్గర ఆగి, మీరు లేచే వేళకు మిగతాది నింపే సౌకర్యం ఉంది. దాన్ని ఆన్ చేస్తే చాలు. దిండు కింద, దుప్పటి మడతల్లో మాత్రం పెట్టకండి. వేడి పోయే దారి ఉండాలి.

చార్జర్ ప్లగ్‌లో వదిలేస్తే బిల్లు పెరుగుతుందన్న మా నాన్న మాటకూ ఇలాంటి పుట్టుకే ఉంది. పాతకాలపు చార్జర్లు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన దిమ్మెలు. ఫోన్ తగిలించకపోయినా వెచ్చగా ఉండేవి. ఆ వెచ్చదనమంతా వృథా అయిన కరెంటే. ఇప్పటి మంచి చార్జర్ ఖాళీగా ఉంటే వాట్‌లో పదోవంతు కూడా తినదు. ఏడాదంతా వదిలేసినా ఒక యూనిట్‌కు లోపే. అసలు ఫోన్ చార్జింగ్ మొత్తం ఎంత? 5,000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండేది దాదాపు 19 వాట్-అవర్లు. నష్టాలు కలిపి 25 అనుకుని, రోజూ సున్నా నుంచి నిండా ఎక్కించినా ఏడాదికి 9 యూనిట్లు. 75 వాట్ల సీలింగ్ ఫ్యాను రోజుకు పది గంటల చొప్పున పన్నెండు రోజులు తిరిగితే అంత అవుతుంది.

తెర మీద అంకె

"సున్నాకు దించి నింపితే నా ఫోన్ బాగుపడింది" అని ప్రమాణం చేసి చెప్పేవాళ్లున్నారు. వాళ్లు చూసింది నిజమే. బాగుపడింది మాత్రం బ్యాటరీ కాదు.

పెట్రోలు ట్యాంకులో ముల్లు పెట్టి చూసినట్టు బ్యాటరీలో చార్జింగ్ ఎంతుందో నేరుగా కొలిచే మార్గం లేదు. ఫోన్‌లోని చిప్ లోపలికి వచ్చిన కరెంటునూ బయటికి పోయిన కరెంటునూ లెక్క పెట్టుకుంటూ ఉంటుంది. కిక్కిరిసిన బస్సులో కండక్టర్ ఎక్కినవాళ్లనూ దిగినవాళ్లనూ కూడుకుంటూ తీసుకుంటూ లోపల ఎంతమంది ఉన్నారో చెప్పినట్టు. ఒక్కో స్టాపులో ఒకరిద్దరు తప్పిపోతే పది ఊళ్లు దాటేసరికి లెక్క తేడా వస్తుంది. డిపోలో బస్సు పూర్తిగా ఖాళీ అయినప్పుడు మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతాడు. 15 శాతం చూపిస్తూనే హఠాత్తుగా ఆగిపోయే పాత ఫోన్‌లో చాలాసార్లు ఈ లెక్క తేడా కూడా ఉంటుంది. ఒకసారి పూర్తిగా దించి నింపితే చిప్‌కు రెండు చివర్లూ మళ్లీ తెలుస్తాయి, అంకె సరిపడుతుంది. ఇది ఏ రెండు మూడు నెలలకో చేయదగ్గ పని. రోజూ చేస్తే అంకె కోసం బ్యాటరీని అరగదీసుకున్నట్టే.

భయం వెనక ఉన్నది

2007 ఆగస్టులో మన ఊళ్లలో ప్రతివాళ్లూ ఫోన్ వెనక మూత తీసి బ్యాటరీ మీది అక్షరాలు చదివారు. బీఎల్-5సీ. ఆ రకంలో మత్సుషితా తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు చార్జింగ్‌లో వేడెక్కవచ్చని నోకియా ప్రకటించింది. చార్జింగ్‌లో ఫోన్ మాట్లాడకూడదన్న మాట ఆ రోజుల్లో మరింత బలపడింది. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లకు మంటలు అంటుకున్నాయి. వెనక్కి తీసుకుని ఇచ్చిన కొత్తవీ అంటుకున్నాయి. 2017 జనవరిలో కారణం చెప్పారు. ఒక తయారీదారు బ్యాటరీల్లో మూల దగ్గర పలక నొక్కుకుపోయింది. రెండో తయారీదారు బ్యాటరీల్లో వెల్డింగ్ మొనలు తేలి లోపలి పొరను చీల్చాయి. రెండు సందర్భాల్లోనూ తప్పు తయారీలో ఉంది, వాడినవాళ్ల అలవాట్లలో కాదు.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ తరవాత కేంద్రం పరీక్షల నియమాలను కఠినం చేసి, 2022 డిసెంబరు నుంచీ 2023 మార్చి నుంచీ రెండు దశల్లో అమలుకు తెచ్చింది. ఒక సెల్ వేడెక్కితే పక్క సెల్‌కు మంట పాకకుండా ఉండాలన్నది వాటి ముఖ్యోద్దేశాల్లో ఒకటి. లిథియం బ్యాటరీలోని ద్రవం మండేది. పొర చిరిగి రెండు గాదెలూ తగిలితే పుట్టిన వేడి ఇంకా వేడిని పుట్టిస్తుంది. కాబట్టి ఈ భయానికి ఆధారం ఉంది. దాన్ని సరైన చోట పెట్టుకోవాలి. చార్జింగ్‌లో ఉండగా వచ్చిన కాల్ మీద కాదు, దెబ్బ తిన్న బ్యాటరీ మీద, పేరూ ఊరూ లేని చార్జర్ మీద, పడుకునే గదిలో తలుపు దగ్గర చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ మీద.

హైదరాబాద్ జగదీశ్ మార్కెట్లో ఒక రిపేరు దుకాణంలో చాలాసేపు కూర్చున్నాను. ఒకాయన తెచ్చిన ఫోన్ తెర ఒక పక్క లేచిపోయి ఉంది. కుర్రాడు హీట్ గన్‌తో అంచులు మెత్తబరిచి, ప్లాస్టిక్ పుల్లతో నిదానంగా తెరిచాడు. లోపలి బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. వెండి రంగు సంచి బిర్రుగా మెరుస్తోంది. ఆ కుర్రాడు ఊపిరి బిగబట్టి, దాన్ని వంచకుండా, జిగురు మీద మందు వేసి మెల్లగా విడదీశాడు. పక్కనే ఇసుక పోసిన రేకు డబ్బా ఉంది. అందులో పెట్టి మూత వేశాక అప్పుడు మాట్లాడాడు. "కొందరు సూది గుచ్చి గాలి తీసి మళ్ల పెట్టమంటరు సార్. ఎన్ని పైసలిచ్చినా నేను చెయ్య."

ఆ గాలి వట్టి గాలి కాదు. లోపలి ద్రవం చెడిపోయి పుట్టిన, మండే వాయువు. సూది దిగితే చిరిగేది పైసంచి ఒక్కటే కాదు, రెండు గాదెల మధ్య ఉన్న పొర కూడా. ఆ కుర్రాడు ఏ రసాయనశాస్త్రమూ చదవలేదన్నాడు. చేత్తో రోజూ ముట్టుకునే వస్తువు ఇప్పుడు ఎలా ఉందో చూసి, దానికి తగ్గ మాటే చెప్పాడు. ఉబ్బిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యతను 2022లో వచ్చిన నియమాలు తయారీదారుల మీద పెట్టాయి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు ఒక మాట. పవర్ బ్యాంకును పెద్ద సూట్‌కేసులో పెట్టనివ్వరు, చేతిసంచిలోనే ఉంచమంటారు. అది సిబ్బంది చాదస్తం కాదు. మనుషుల మధ్య ఉంటే పొగ రాగానే కనిపిస్తుంది, ఆర్పవచ్చు. సరుకుల అరలో అయితే తెలిసేసరికే ఆలస్యమవుతుంది. ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లగలిగేది 100 వాట్-అవర్ల దాకా. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 దగ్గర ఆగుతుంది.

అయిదు నిమిషాల్లో చార్జింగ్

పాత మాట గడువు తీరాక కూడా బతుకుతుంది. వార్తల్లో దీనికి తిరగేసిన తప్పు జరుగుతుంది. అక్కడ మాట వస్తువు కన్నా ముందే పుట్టేస్తుంది. అయిదు నిమిషాల్లో నిండే బ్యాటరీ, వారానికోసారి చార్జింగ్ పెడితే చాలనే ఫోన్, ఇసుకతో బ్యాటరీ, ఉప్పుతో బ్యాటరీ. చదివినవాళ్లు పదిసార్లు ఎదురుచూసి, పదకొండోసారి సైన్సు వార్తలనే నమ్మడం మానేస్తారు.

సాక్షాత్తు గుడెనఫ్ విషయంలోనే ఇది జరిగింది. 2017లో ఆయనా పోర్చుగల్‌కు చెందిన మరియా హెలెనా బ్రాగా కలిసి, ద్రవం బదులు గాజు వాడిన కొత్త బ్యాటరీని ప్రకటించారు. సామర్థ్యం ఎన్నో రెట్లు, చార్జింగ్ నిమిషాల్లో. వార్త ప్రపంచమంతా తిరిగింది. అదే రంగంలోని ఇతర శాస్త్రవేత్తలు మాత్రం ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తోందో లెక్క కుదరడం లేదని బహిరంగంగానే ప్రశ్నించారు. గుడెనఫ్ 2023లో నూరేళ్ల వయసులో కన్నుమూశారు. ఆ గాజు బ్యాటరీ మన ఫోన్లలోకి రాలేదు. అంత గొప్ప మనిషి మాటకైనా పరీక్ష తప్పదు. అది ఆయనకు అగౌరవం కాదు, సైన్సు నడిచే పద్ధతే అది.

బ్యాటరీ వార్త చదివినప్పుడు నేను వేసుకునే ప్రశ్నలు ఇవి. పరీక్షించింది చొక్కా గుండీ అంత సెల్‌నా, ఫోన్‌లో పట్టే బ్యాటరీనా? ఎన్నిసార్లు ఎక్కించి దించారు? వందసార్లకే ఆపేశారా, వెయ్యిసార్లు చూశారా? ఎంత వేడిలో? ఖరీదెంత? త్వరగా నిండుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది, ఎక్కువ పడుతుంది, చవక, భద్రం అన్న అయిదింటిలో ఎన్ని చెప్పారు, ఏవి చెప్పకుండా వదిలేశారు? వదిలేసినవాటి దగ్గరే సాధారణంగా అసలు చిక్కు ఉంటుంది. కోబాల్ట్ ఆక్సైడ్ ప్రయోగశాల నుంచి దుకాణానికి రావడానికి పదకొండేళ్లు పట్టిందన్న సంగతి కూడా గుర్తుంచుకుంటాను. నిదానం అంటే మోసం కాదు.

మళ్లీ మా ఇంట్లో

ఈ సంగతులన్నీ చెప్పాక అమ్మ ఫోన్ చార్జింగ్ పెట్టింది. నేను తెలిసినవాణ్నన్న ధీమాతో తమ్ముడివైపు చూపించి, "వాడు చేస్తున్నదే సరి. 80 దగ్గర ఆపేయాలి" అన్నాను. అమ్మ ఊరుకోలేదు.

"ఫోన్ సంగతి చెప్పావు. స్కూటర్లో ఉన్నదీ ఆ బ్యాటరీయేనా?"

స్కూటర్ డిక్కీలోంచి పుస్తకం తీసి చూశాం. అందులో ఉన్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 1990ల చివర్లో గుడెనఫ్ ప్రయోగశాలలోనే పుట్టిన ఇంకో సంతానం. కోబాల్ట్ లేదు, వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ ఏళ్లు మన్నుతుంది. కానీ దాని వోల్టేజి సగం నిండినా, ముప్పావు నిండినా దాదాపు ఒకలాగే ఉంటుంది. దాంతో కండక్టర్ లెక్క తప్పిపోతే సరిచూసుకునే దారి ఉండదు. పూర్తిగా నిండినప్పుడే దానికి తన స్థానం తెలుస్తుంది. సెల్స్ అన్నీ ఒక మట్టానికి వచ్చేదీ అప్పుడే. అందుకే ఆ పుస్తకంలో కనీసం వారానికోసారి 100 శాతం దాకా చార్జింగ్ పెట్టాలని అచ్చు వేసి ఉంది. తమ్ముడు స్కూటర్ కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా నింపలేదు.

వాడి 80 శాతం నియమం ఫోన్‌ది. నిన్నమొన్నటి సరికొత్త నియమం. అయినా ఇంకో బ్యాటరీ దగ్గరికి వెళ్లేసరికి మావయ్య షాపతని మాటలాగే అయిపోయింది. ముప్పై ఏళ్లు పట్టలేదు, హాల్లోంచి వరండాలోకి నడిచినంత సేపే పట్టింది.

సీసం బ్యాటరీలతో పేరు తెచ్చుకున్న తిరుపతి సంస్థే లిథియం సెల్స్ కోసం మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో 2023 మేలో ఫ్యాక్టరీకి పునాదిరాయి వేసుకుంది. సోడియం బ్యాటరీలు కూడా వస్తున్నాయి. వాటి నియమాలు వాటికుంటాయి. నేను ఈ అధ్యాయంలో చెప్పినవాటిలో కొన్ని అప్పటికి పాతబడతాయి. అందుకే అంకెలు గుర్తు పెట్టుకోమని అడగను. ఎవరు ఏ సలహా చెప్పినా, అది అమ్మ చెప్పినా, ఈ పుస్తకం చెప్పినా, అమ్మ అడిగిన ప్రశ్న మాత్రం గుర్తుంచుకోండి. ఇందులో ఉన్నదీ ఆ బ్యాటరీయేనా?

ఆ రాత్రి తమ్ముడు స్కూటర్ చార్జింగ్ పెట్టి, 80 దాటినా లేవలేదు. అమ్మ పడుకోబోయే ముందు ఇన్వర్టర్ దగ్గర వంగి నీటి మట్టం చూసింది. కొంచెం తగ్గిందని, డిస్టిల్డ్ వాటర్ సీసా తెమ్మంది.